బిట్టర్‌రూట్ లోయ పిడుదులు

అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో, పడమటి కొండల అంచున, బిట్టర్‌రూట్ అనే లోయ ఉంది. పంతొమ్మిదో శతాబ్దపు చివరి దశకాల నుంచి ఏటా మంచు కరిగే వేళకు ఆ లోయలో ఒక జ్వరం తలెత్తేది. ముందు విపరీతమైన తలనొప్పి, ఆ తర్వాత మణికట్ల దగ్గర, చీలమండల దగ్గర మొదలై ఒళ్లంతా పాకే ఎర్రని మచ్చలు. సోకినవారిలో సగానికి మించి చనిపోయేవారు. నదికి తూర్పు ఒడ్డున ఉన్నవారి జోలికి ఆ జ్వరం అంతగా పోయేది కాదు; పడమటి ఒడ్డువారిని వదిలేది కాదు. కొండవాగుల్లో దిగివచ్చే మంచునీళ్లు తాగడమే కారణమని జనం నమ్మారు. రుతువూ, ఒడ్డూ రెండూ సరిపోతున్నప్పుడు ఆ ఊహను మూఢనమ్మకమని కొట్టిపారేయలేం.

పిడుదును అనుమానించడానికి అప్పటికే ఒక దారి పడి ఉంది. పశువుల టెక్సస్ జ్వరాన్ని పిడుదులే మోసుకొస్తాయని థియోబాల్డ్ స్మిత్, ఫ్రెడ్ కిల్బోర్న్ 1893లో నిరూపించారు. (దానికి మూలం బాక్టీరియా కాదు, ఎర్ర రక్తకణాల్లో బతికే ఏకకణ పరాన్నజీవి.) 1906లో షికాగో నుంచి హోవర్డ్ రికెట్స్ ఆ లోయకు వచ్చాడు. జబ్బుపడ్డ గినీపంది రక్తం తాగిన పిడుదును ఆరోగ్యంగా ఉన్న మరో గినీపంది మీద వదిలాడు, రెండోదీ జబ్బుపడింది. తర్వాత తేలిన సంగతి ఇంకా కలవరపెట్టేది. ఆ సూక్ష్మజీవి తల్లి పిడుదు నుంచి గుడ్లలోకి, గుడ్ల నుంచి పిల్లల్లోకి దిగుతుంది. అంటే పిడుదు ఉత్త వాహకం కాదు, జబ్బుకు కాణాచి.

మోంటానాలో నిధులు సకాలంలో అందక రికెట్స్ టైఫస్ పరిశోధనకు మెక్సికో వెళ్లాడు. అదే టైఫస్ సోకి 1910 మే 3న, 39 ఏళ్ల వయసులో మరణించాడు. రికెట్సియా అన్న పేరు ఆయన స్మృతిగా పెట్టిందే.

పెద్ద పిడుదులు పశువుల మీద, గుర్రాల మీద బతుకుతాయి కనుక, పశువులను పాషాణం కలిపిన నీటితొట్లలో ముంచాలని ప్రభుత్వం పూనుకుంది. రైతులు ఎదురుతిరిగారు. 1913లో ఒక తొట్టిని డైనమైట్‌తో పేల్చేశారు. వారిని అజ్ఞానులనడానికి నాకు మనసొప్పదు. మందు ఘాటుకు పశువు ఒళ్లు పుండుపడితే నష్టపోయేది రైతే కదా! పైగా పిల్ల పిడుదులు పెరిగేది నేల ఉడుతల మీద. వాటిని ఏ తొట్టిలో ముంచుతారు?

ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా పట్టి ఉంచేది ఆ తర్వాతి ఘట్టం. 1921లో హామిల్టన్ ఊరి దగ్గర పాడుబడిన బడి ఒకటి ప్రయోగశాల అయింది. రికెట్సియా మామూలు పోషక ద్రవాల్లో పెరగదు. దానికి బతికున్న కణం కావాలి. కాబట్టి టీకాకు కావలసినంత సూక్ష్మజీవిని పెంచే కార్ఖానా పిడుదు పొట్టే. వాటిని వేలకొద్దీ పెంచాలి, జంతువుల రక్తం తాగించాలి, ఏరాలి, నూరాలి. 1924లో రాస్కో స్పెన్సర్, జబ్బున్న పిడుదులను నూరి ఫినాల్ కలిపిన ద్రవాన్ని మొదట తన ఒంట్లోకే ఎక్కించుకున్నాడు. సాహసమే. కానీ అంతకుముందే, 1922లో, అక్కడ పనిచేస్తున్న విద్యార్థి విలియం గెటింజర్ ఆ జ్వరంతోనే పోయాడు. 1924లో జార్జ్ కోవన్ పోయాడు. ఇంకా వెనక, 1912లో థామస్ మెక్లింటిక్, 1919లో ఆర్థర్ మెక్రే. పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నది రికెట్స్ పేరొక్కటే. మిగిలినవారి సంగతి తెలిసింది విక్టోరియా హార్డెన్ 1990లో వెలువరించిన చరిత్రగ్రంథం వంటివాటి వల్లనే.

టీకా జ్వరాన్ని పూర్తిగా ఆపలేదు గాని, ప్రాణం తీయకుండా చాలామందిని కాపాడింది. 1928లో కొత్త భవనం కడుతుంటే ఊరివారు కోర్టుకెక్కారు, పిడుదులు తప్పించుకుని ఇళ్లమీద పడతాయని. వారి భయం తీర్చడానికి భవనం చుట్టూ నీటి కందకం తవ్వించారు. నవ్వొచ్చే సంగతే, అయితే లోపల పోయినవారి లెక్క ఊరివారికి తెలుసు.

1940ల చివర యాంటీబయాటిక్‌లు వచ్చాక టీకా అవసరం తగ్గింది. 1981లో అదే హామిల్టన్‌లో విల్లీ బర్గ్‌డార్ఫర్, న్యూయార్క్ దగ్గరి షెల్టర్ ద్వీపపు పిడుదుల్లో రికెట్సియా కోసం వెతుకుతూ, మెలితిరిగిన మరో బాక్టీరియాను చూశాడు. కనెక్టికట్‌లో పిల్లల కీళ్లవాపులను చూసి తల్లులు 1975 నుంచీ మొత్తుకుంటున్న లైమ్ వ్యాధికి కారణం అదే.

మచ్చల జ్వరం నేటికీ ప్రాణాలు తీస్తోంది. దక్షిణ భారతంలోనూ దాని బంధువర్గం ఉంది. మొదటి రోజుల్లో మచ్చలు ఉండకపోవచ్చు. మొదటి వారంలో రక్తపరీక్ష పట్టుకోలేకపోవచ్చు. డాక్సీసైక్లిన్ మాత్రం చవకైనది, ఐదో రోజు లోపల మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. అందుకే జ్వరంతో వచ్చినవారిని, పశువుల దగ్గర గాని, గడ్డిలో గాని తిరిగారా, ఒంటిమీద పిడుదు ఏమైనా కనిపించిందా అని అడుగుతాం. లేదన్నా, అనుమానం బలంగా ఉంటే, ఫలితం కోసం ఆగకుండా మందు రాస్తాం.