పెరటి పూలకు వచ్చే చుట్టాలు



గుమ్మడిపాదు దొడ్డినిండా అల్లుకుంటుంది. పూలు విరగబూస్తాయి. చిన్న చిన్న పిందెలు కూడా కనపడతాయి. నాలుగురోజులు గడిచేసరికి ఆ పిందె పసుపుపచ్చగా మారి, మెత్తబడి, రాలిపోతుంది. "దిష్టి తగిలిందమ్మా" అంటారు ఇంట్లో పెద్దవాళ్ళు. పిందెను వేలెత్తి చూపినందుకు పిల్లలు చీవాట్లు తింటారు. పందిరికి పాతచెప్పు వేలాడుతుంది.

పిందె రాలడానికి నీటి ఎద్దడి ఒక కారణం, పండుఈగ మరొక కారణం. కాని ఈ రెండూ లేనిచోట కూడా పిందె రాలుతున్నదంటే ఆ పువ్వు దగ్గరకు రావలసిన చుట్టం రాలేదన్నమాట. గుమ్మడికి మొగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. ఆడపువ్వు అడుగున పిందె ముందే వుంటుంది, మొగపువ్వుకు ఒట్టి కాడ మాత్రమే. మొగపువ్వులోని పుప్పొడి బరువైనది, జిగటగా వుంటుంది, గాలికి లేచేది కాదు. తెల్లవారుజామున విచ్చిన పువ్వు పొద్దెక్కేసరికి ముడుచుకొంటుంది. ఆ కాస్త వేళలో తేనెటీగో, తుమ్మెదో ఇక్కడి పుప్పొడి అక్కడికి చేర్చాలి. చేర్చకపోతే ఎంత ఎరువు వేసినా ఆ పిందె నిలవదు.

ఇప్పుడిది బడిపిల్లలు కూడా చెప్పే పాఠం. కాని మనుషులు దీన్ని తెలుసుకోవడానికీ, తెలిసినదాన్ని నమ్మడానికీ చాలా కాలం పట్టింది. ఆ చరిత్ర కొంచెం చెబుతాను. పూలతోట వేసుకొనేవారికి అందులో పనికివచ్చే సంగతులు చాలా వున్నాయి.

ఖర్జూరం పండించే ఇరాక్ ప్రాంతపు రైతులు వేల సంవత్సరాల కిందటే మొగచెట్టు పూగుత్తి కోసి ఆడచెట్టుకు కట్టేవారు. అట్లా చేస్తే కాయ నిలుస్తుందని వారి అనుభవం. అయితే అన్ని మొక్కల్లోనూ ఆడ, మగ భాగాలు వుంటాయని ఎవరూ పరీక్ష చేసి చూడలేదు. ఆ పని జర్మనీలో ట్యూబింగెన్ పట్టణంలో కామెరారియస్ అనే వైద్యాచార్యుడు చేశాడు. ఆయన పట్టుకున్న మొక్కల్లో ఒకటి ఏమిటనుకొన్నారు? మన ఆముదం. ఆముదపు గెలలో మొగపూలు విచ్చకముందే గిల్లివేశాడు. కాయలు వచ్చాయిగాని లోపల గట్టి గింజ లేదు, ఒట్టి తాలు. మొక్కజొన్న కండె పీచు కోసివేసి చూశాడు, గింజ పట్టలేదు. 1694లో ఈ సంగతులన్నీ ఒక ఉత్తరంగా వ్రాసి అచ్చువేయించాడు. పుప్పొడి లేనిదే విత్తనం లేదని తేలింది. మరి ఆ పుప్పొడిని మోసేది ఎవరు? ఆ ప్రశ్నకు జవాబు రావడానికి ఇంకా కాలం పట్టింది.

1721లో ఫిలిప్ మిల్లర్ అనే ఆంగ్ల తోటమాలి తులిప్ పూలు, అంటే ఉల్లిలాగా గడ్డనుంచి మొలిచే పూలు, పన్నెండింటిని విడిగా పెట్టి, వాటి పుప్పొడి తిత్తులన్నీ తీసివేశాడు. రెండురోజుల తరువాత తేనెటీగలు వేరే తులిప్ మడినుంచి ఒంటినిండా పొడి పూసుకొని వచ్చి వీటిమీద వాలడం కళ్ళారా చూశాడు. ఆ పూలకు విత్తనం కట్టింది. 1750లో ఆర్థర్ డాబ్స్ అనే ఐర్లాండువాసి మరో ముఖ్యమైన సంగతి గమనించాడు. తేనెటీగ ఒక ప్రయాణంలో ఒకే జాతి పూలమీద తిరుగుతుంది, కలగాపులగంగా వాలదు. పెరట్లో ఒకటొకటిగా ఇరవైరకాలు నాటడంకన్నా ఒకేరకం పదిమొక్కలు గుంపుగా నాటమని మేము చెప్పేది ఇందుకే. కోల్రాయ్టర్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1761 మొదలు వ్రాసిన నివేదికలలో దోసజాతి పూలకు పుప్పొడి చేర్చేవి కీటకాలేనని స్పష్టంగా చెప్పాడు. రెండుజాతుల పొగాకును కలిపి సంకరం చేసి చూపినవాడు కూడా ఈయనే. హైబ్రిడ్ అని ఈనాడు మనం కొనుక్కొనే విత్తనానికి ఆ పొగాకు ముత్తాతవంటిది.

ఇక అసలు మనిషి దగ్గరకు వద్దాం. ఆయన పేరు క్రిస్టియన్ కొన్రాడ్ స్ప్రెంగెల్. బెర్లిన్ పక్కన స్పాండావ్ అనే వూళ్ళో బడిపంతులు, ఆ బడికి పెద్ద. 1787 వేసవిలో ఒక అడవిపువ్వు రేకుల అడుగున సన్నని నూగు కనిపించింది. సృష్టిలో ఒక్క వెంట్రుక కూడా పనిలేకుండా వుండదని ఆయన నమ్మకం. పరికించి చూస్తే, ఆ నూగు పువ్వులోని తేనెబొట్టులో వానచినుకు పడకుండా కాపాడుతున్నది. ఎవరికోసం ఈ కాపలా? మరుసటి యేడు చిన్న నీలిపువ్వు ఒకదాని నడుమ పసుపు వలయం చూశాడు. తేనె ఇక్కడున్నదని ఈగకు చూపే గురుతు అది. అక్కడినుంచి ఆయనకు పూలపిచ్చి పట్టింది. పూలముందు గంటలతరబడి కూర్చొని ఏ పురుగు ఎటునుంచి వచ్చింది, ఎక్కడ కాలుపెట్టింది, పొడి వీపుకు అంటిందా, పొట్టకు అంటిందా అని చూసేవాడు. నాలుగువందలకు పైగా మొక్కలను ఇట్లా పరీక్షించి 1793లో పుస్తకం వేశాడు. పువ్వు రంగు, వాసన, గీతలు, తేనె, ఇవన్నీ కీటకాన్ని పిలవడానికే అని ఆ పుస్తకం చెప్పింది. అంతేకాదు, చాలా పూలు తమ పుప్పొడి తమకే అంటకుండా జాగ్రత్తపడతాయనీ చెప్పింది.

ఆయనకు దక్కిన ఫలం? మెచ్చుకున్నవారు బహుకొద్దిమంది. మహాకవి గోథే వంటివాడికి కూడా ఈ వాదం రుచించలేదు. బడి పని నిర్లక్ష్యం చేస్తున్నాడన్న తగవులతో 1794లో ఉద్యోగం పోయింది. బెర్లిన్‌లో చిన్న పింఛనుమీద, పాఠాలు చెప్పుకుంటూ బ్రతికాడు. అయినా పట్టు విడువలేదు. 1811లో తేనెటీగల ఉపయోగంపై ఇంకొక చిన్న పుస్తకం వేశాడు. తేనె, మైనం కాదు ముఖ్యం, పంటకు కాయా గింజా పట్టించడమే తేనెటీగ చేసే పెద్ద మేలు అని అందులో ఆయన మొర. 1816లో చనిపోయేనాటికి వినేవాడు లేడు.

ఇక్కడ మన సంగతి ఒకటి చెప్పాలి. ఆ సంవత్సరాల్లోనే సామర్లకోటలో విలియం రాక్స్‌బర్గ్ అనే కంపెనీ వైద్యుడు తోట పెంచి, మనదేశపు చిత్రకారులచేత మన తీరప్రాంతపు మొక్కల బొమ్మలు వ్రాయించాడు. స్ప్రెంగెల్ పుస్తకం వెలువడిన 1793లోనే ఆయన కలకత్తా తోటకు మారాడు. 1795 నుంచి ఆ బొమ్మలు లండన్‌లో అచ్చయినాయి. మన పూల రూపురేఖలు అంత వివరంగా దేశదేశాలకు తెలిసినాయి. ఆ పూలమీద వాలేదెవరన్నది మాత్రం ఆ కాలపు పండితులకు పెద్ద విషయంగా తోచలేదు.

స్ప్రెంగెల్ పుస్తకం దుమ్ముకొట్టుకొని పడివుండగా 1841లో రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడి సలహామీద చార్లెస్ డార్విన్ తెప్పించి చదివాడు. చదివి ఊరుకోలేదు. ఎర్ర క్లోవర్ అని పశువుల మేత వుంది, మన బర్సీము, లూసర్నులాంటిది. దాని పూగుత్తులు నూరు తెరిచి వుంచి, నూరు గుత్తులకు కీటకాలు రాకుండా అడ్డు పెట్టాడు. తెరిచివుంచినవాటికి 2,700 గింజలు వచ్చాయి. అడ్డు పెట్టినవాటికి ఒక్క గింజ లేదు. ఇంతకన్నా తేటగా చూపడం ఎవరితరం?

ఆ క్లోవర్ కథే న్యూజిలాండులో రైతులకు డబ్బుతో ముడిపడింది. ఇంగ్లండునుంచి వెళ్ళి స్థిరపడినవారు అక్కడ ఎర్ర క్లోవర్ చల్లారు. మేత ఏపుగా పెరిగింది, పూసింది, విత్తనం మాత్రం కట్టలేదు. విత్తనాన్ని మళ్ళీ సముద్రంమీద తెప్పించుకోవలసిందే. ఆ పువ్వు గొట్టం పొడుగు. మామూలు తేనెటీగ నాలుక అడుగుకు అందదు. దాన్ని అందుకొనే బొచ్చుతుమ్మెద ఆ దేశంలో లేదు. చివరకు 1885లో ఇంగ్లండునుంచి ఆ తుమ్మెదలను ఓడమీద చల్లనిగదిలో నిద్రావస్థలో వుంచి తెచ్చి వదిలారు. అటుపిమ్మట గింజ పట్టింది. మనకూ ఇటువంటిది ఒకటి వుంది. గోదావరి జిల్లాల్లో, ఖమ్మంలో ఆయిల్‌పామ్ తోటలు చూసినవారికి గెలమీద తిరిగే చిన్న ముక్కుపురుగు తెలిసేవుంటుంది. అది ఆఫ్రికాలోని కామెరూన్‌ది. 1981లో మలేషియాలో వదిలేవరకు అక్కడ కూలీలను పెట్టి పుప్పొడి చల్లించేవారు. ఆ తరువాత 1980లలోనే మన దేశానికీ తెచ్చారు. పురుగు అనగానే మందుడబ్బాకోసం చూసేవారు ఒక్కసారి ఆ కూలి లెక్క వేసుకోండి.

మనదేశంలో తేనెటీగను పెట్టెలో పెంచే పద్ధతి దక్షిణాదిన వ్యాపించడానికి తోడ్పడినవాడు న్యూటన్ అనే క్రైస్తవ ఫాదరీ. 1910 తరువాతి సంవత్సరాల్లో తిరుచిరాపల్లి ప్రాంతంలో మన పుట్ట తేనెటీగకు సరిపడే చిన్నపెట్టె తయారుచేసి పల్లెవారికి నేర్పాడు. ఆ పెట్టెకు ఆయన పేరే నిలిచింది. 1991, 92 ప్రాంతాల్లో థాయి సంచిపిల్ల తెగులు వచ్చి దక్షిణాదిన ఈ తేనెటీగల పెట్టెలు చాలాభాగం ఖాళీ అయిపోయాయి. తెగులు మన చేతిలోది కాదు. విషం మన చేతిలోదే. డి.డి.టి. పురుగును చంపుతుందని 1939లో కనిపెట్టినప్పుడు లోకం పండుగ చేసుకొంది. 1962లో రేచల్ కార్సన్ అనే అమెరికన్ రచయిత్రి దాని చెరుపు ఎంతో చాటింది. మన వ్యవసాయంలో దాన్ని నిషేధించింది 1989లో. ఇమిడాక్లోప్రిడ్ వంటి మూడు మందులను తేనెటీగల కారణంగానే 2018లో ఐరోపా సమాఖ్య ఆరుబయట పంటలకు మానిపించింది. పేరులోని వరుస చూడండి, కనుగొన్నది ఒకతరం, కళ్ళు తెరిచింది మరొకతరం.

సీతాకోకచిలుకల సంగతి ఇంతవరకు రాలేదు. వీటిని గురించి నేర్పినది ఒక స్త్రీ. మరియా సిబిల్లా మెరియన్, 1647లో ఫ్రాంక్‌ఫర్టులో పుట్టింది. చిన్నతనంలోనే పట్టుపురుగులు పెంచింది. పురుగులు బురదలోనుంచి వాటంతటవే పుడతాయని చాలామంది నమ్మే రోజులవి. ఈమె గొంగళిపురుగులను ఇంటికి తెచ్చి, మేతవేసి, పురుగు గూడుకట్టడమూ, గూడునుంచి రెక్కలతో రావడమూ బొమ్మలు వేసింది. 1699లో కూతురిని వెంటబెట్టుకొని దక్షిణ అమెరికాలోని సురినామ్ వెళ్ళి అక్కడివీ చిత్రించింది. ఆ పుస్తకం 1705లో వచ్చింది. గొంగళిపురుగును అది తినే మొక్కతోసహా చూపడం ఆమె ప్రత్యేకత.

పూలతోట వేసేవారు పట్టించుకోనిది సరిగ్గా ఇదే. నూరువరహాలు, చేమంతి, బంతి నాటుతారు. సీతాకోకచిలుకలు తేనెకు వచ్చి పోతాయి, నిలవవు. గుడ్లు పెట్టేచోటు వేరు. నిమ్మ, కరివేపాకు మీద గుడ్డుపెట్టే నల్లచుక్కల పసుపు సీతాకోకచిలుక మీరందరూ చూసినదే. దాని పిల్లపురుగు మొదట పిట్టరెట్టలాగా వుండి, తరువాత ఆకుపచ్చగా మారుతుంది. జిల్లేడు మీద నారింజరంగుది, తంగేడు మీద లేతపసుపుది, ఆముదం మీద గోధుమరంగుది, ఈశ్వరితీగ మీద ఎర్రఒంటి నల్లరెక్కలది పెరుగుతాయి. ఆకు కొరకనివ్వనివారి పెరట్లో రెక్కలు కనబడవు. పెద్దచెట్టయితే నాలుగైదు పురుగులకు ఏమీ కాదు. జానెడు నిమ్మమొక్కకు మాత్రం ప్రమాదమే, దానిమీది పురుగును పెద్ద కరివేపచెట్టుమీదకు మార్చండి.

పులికంప పూలకు సీతాకోకచిలుకలు మూగుతాయి, నిజమే. అలంకారానికని 19వ శతాబ్దం మొదట్లో కలకత్తాకు తెచ్చిన ఆ మొక్క ఈనాడు అడవులు, బీళ్ళు ఆక్రమించింది. దానిజోలికి పోకండి. ముద్దబంతి కూడా చుట్టాలకు పెద్దగా ఉపయోగపడదు. రేకులు పెంచుకున్న పువ్వులో పుప్పొడి, తేనె అందేచోటు తక్కువ. దండకు నాలుగుమొక్కలు ముద్దబంతి వేసుకొని, ఈగకోసం ఒంటిరెక్క బంతి వేయండి. తులసి వెన్ను విరిచివేయకుండా కొన్ని వదలండి. ధనియాలు, ఆవాలు ఒక మడి పూతకు వదిలితే ఎన్నిరకాల ఈగలు వస్తాయో లెక్కపెట్టలేరు. వాటిలో చాలావాటికి పట్టు వుండదు, ఒంటరిగా నేలలో బొరియ చేసుకుంటాయి. పెరడంతా సిమెంటు పోస్తే వాటికి చోటేది? ఒకమూల ఒట్టినేల వదలండి. ఎండిన వెదురుబొంగులు నాలుగు చూరుకింద కడితే తుమ్మెద చేరుతుంది. బావిదగ్గర తడిమట్టి వుంటే సీతాకోకచిలుకలు వచ్చి పీల్చుకుంటాయి.

మందు కొట్టక తప్పకపోతే సాయంకాలం కొట్టమని చెప్పడం వాడుక. గుమ్మడికీ, దోసకూ అది సరే. బీర, సొర పాదులకు అది చాలదు. బీర సాయంకాలం విచ్చుతుంది, సొర తెల్లనిపువ్వు సందెవేళ తెరిచి రాత్రి రెక్కలపురుగును పిలుస్తుంది. అక్కడ సాయంకాలం కొట్టిన మందు నేరుగా చుట్టంమీదే పడుతుంది. ఆ పందిళ్ళకు పూత సమయంలో విషపుమందు మానండి. పండుఈగ పొడిచిన కాయలు ఏరి గోతిలో పూడ్చండి.

ఇన్ని చేసినా మీ వీధిలో ఈగలు లేవనుకోండి. అప్పుడు ఉదయం ఆరుగంటలకు అప్పుడే విచ్చిన గుమ్మడి మొగపువ్వు కోసి, రేకులు తీసి, ఆడపువ్వు నడుమనున్న జిగటభాగానికి మెల్లగా నాలుగువైపులా రాయండి. ఒక్క మొగపువ్వు రెండుమూడు ఆడపూలకు సరిపోతుంది. వారంరోజుల్లో పిందె ముదురుపచ్చగా లావెక్కితే నిలిచినట్టే. అప్పుడు పాతచెప్పు తీసివేయవచ్చు.