మేడ్చల్ ఎన్నికలు - మన పేర్లు



ఎన్నికల చరిత్ర అనగానే అది అరుగుల మీద కూర్చుని మగవాళ్ళు చెప్పుకునే సంగతిలెమ్మని, రేడియో గొంతు తగ్గించి వంటింట్లోకి వెళ్ళిపోయేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. ఇవాళ కొంచెం ఆగండి. నేను చెప్పబోయేది మా మేడ్చల్ సంగతి. ఎవరెవరు ఎన్ని వోట్లతో గెలిచారో వరసగా అప్పజెప్పడం నా ఉద్దేశం కాదు. ఒక నియోజకవర్గంలో ఎవరు నిలబడవచ్చు, ఏ ఊరి వోటు ఏ ఊరి వోటుతో కలుస్తుంది అన్నవి వోటింగు రోజుకు చాలా ముందే తేలిపోతాయి. ఆ తేల్చేవేళ మనం కూడా మెలకువగా ఉండాలి. ఇదే నా మాట.

నిజాం రాజ్యం ఉన్నంతకాలం మా ప్రాంతంలో అందరికీ వోటు అనే మాటే లేదు. 1948 సెప్టెంబరులో సంస్థానం భారతదేశంలో కలిసింది. 1952లో హైదరాబాదు రాష్ట్రంలో 21 ఏళ్ళు నిండిన స్త్రీపురుషులందరూ మొదటిసారి శాసనసభకు వోటు వేశారు. అప్పట్లో చీటీ మీద ముద్ర వేయడం లేదు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద ఆయన గుర్తు. చీటీ తీసుకుపోయి మనకు నచ్చినవారి పెట్టెలో వేసి రావడమే.

ఆ మొదటి ఎన్నికలకు దేశమంతటా జాబితాలు రాస్తున్నప్పుడు ఒక విచిత్రం జరిగింది. ఎంతోమంది ఆడవాళ్ళు తమ పేరు చెప్పలేదు. ఫలానావారి భార్యను, ఫలానావారి తల్లిని అని మాత్రం రాయించుకున్నారు. అసలు పేరు లేనిదే వోటు లేదని ఎన్నికల సంఘం పట్టుబట్టింది. చివరికి దాదాపు 28 లక్షలమంది స్త్రీలను జాబితాల్లోంచి తీసేయవలసి వచ్చింది. వీళ్ళలో ఎక్కువమంది ఉత్తరాది రాష్ట్రాలవాళ్ళు. అలాగని మన ఇళ్ళల్లో ఆ అలవాటు లేదనుకునేరు! మా పెద్దమ్మను ఇంట్లో అందరూ 'పెద్దకోడలు' అనే పిలిచేవారు. జాబితా రాసే ఆయన వచ్చి, "పేరేందవ్వా?" అని అడిగితే, "నా పేరుతోని ఏం పని బిడ్డా? మా ఇంటాయన పేరు రాసుకో" అన్నదట. "అట్ల రాస్తే నీ వోటు పోతదవ్వా" అని ఆయన అంటే గాని చెప్పలేదట. ఇంట్లో పిల్లలకు ఆమె అసలు పేరు తెలిసింది ఆరోజునే.

పేరు చెప్పడానికే ఇంత సంకోచం ఉన్న ఆ రోజుల్లోనే, మాకు దగ్గరి ఘట్‌కేసర్‌లో పుట్టిన ఒక ఆడబిడ్డ శాసనసభకు వెళ్ళింది. ఆమె సంగం లక్ష్మీబాయి. గుంటూరు శారదా నికేతనంలో చదువుకుని, ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని జైలుకు వెళ్ళిన మనిషి. ఆ అనుభవాలను 'నా జైలు జ్ఞాపకాలు, అనుభవాలు' అనే పుస్తకంగా రాసింది కూడా. 1952లో బాన్సువాడ నుంచి హైదరాబాదు శాసనసభకు ఎన్నికై, విద్యాశాఖలో ఉపమంత్రిగా పనిచేసింది. తర్వాత 1957లో వికారాబాదు నుంచి, 1962లోను 1967లోను మెదక్ నుంచి లోక్‌సభకు వెళ్ళింది. పుట్టింది ఇక్కడ, గెలిచినవి వేరే చోట్లు.

ఇక మేడ్చల్ స్థానానికి వద్దాం. 1967 ఎన్నికల నాటికి మేడ్చల్ షెడ్యూల్డు కులాలకు రిజర్వు అయిన నియోజకవర్గం. రిజర్వు అంటే వోటు కూడా వాళ్ళదే అని కొందరు పొరబడతారు. అలా కాదు. వోటు ఊరందరిదీ, అభ్యర్థిగా నిలబడేది మాత్రం ఆ కులాలవారే. అప్పుడు కాంగ్రెసు తరఫున గెలిచింది సుమిత్రాదేవి. 1972లో మళ్ళీ ఆమే గెలిచింది. ఊరికీ వాడకూ మధ్య మంచినీళ్ళ బావి కూడా వేరుగా ఉన్న కాలం అది. అటువంటి కాలంలో ఊరివాళ్ళూ వాడవాళ్ళూ ఒకే వరసలో నిలబడి ఒక దళిత మహిళను ఎన్నుకున్నారు, అదీ రెండుసార్లు! ఇది ఎవరి దయవల్లనో జరిగింది కాదు. రిజర్వేషను అనే ఏర్పాటు తలుపు తెరిచింది, ఆమె ఆ తలుపులోంచి నడిచి వెళ్ళింది.

1978 ఎన్నికలకు మేడ్చల్ రిజర్వు స్థానం కాకుండా జనరల్ స్థానమైంది. వోటు వేసే ఊళ్ళు ఇక్కడివే, నిలబడేవారి వరస మాత్రం మారిపోయింది. ఆ ఏడాది ఇక్కడినుంచి ఇందిరా కాంగ్రెసు తరఫున గెలిచినవారు డాక్టర్ మర్రి చెన్నారెడ్డి. 1969 తెలంగాణ ఉద్యమానికి నాయకుడు. 1971లో ఆయన నడిపిన తెలంగాణ ప్రజాసమితి ఈ ప్రాంతంలోని 14 లోక్‌సభ స్థానాల్లో 10 గెలుచుకుంది. మేడ్చల్ నుంచి గెలిచి, 1978 మార్చిలో ఆయన ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. అదే సంవత్సరం ఆగస్టు 15న హైదరాబాదు జిల్లాలోని పల్లె తాలూకాలను విడదీసి రంగారెడ్డి జిల్లా చేశారు. మేడ్చల్ కూడా అందులోకి వెళ్ళింది.

తర్వాత 1983లో రాష్ట్రంలో తెలుగుదేశం వచ్చింది. మేడ్చల్‌లో ఆ పార్టీ పేరు చెబితే ముందు గుర్తొచ్చేది టి. దేవేందర్ గౌడ్. 1994, 1999, 2004, వరసగా మూడుసార్లు గెలిచారు. రాష్ట్రానికి హోంమంత్రిగా కూడా పనిచేశారు. ఈ మధ్యకాలంలో మా ప్రాంతం ముఖమే మారిపోయింది. నాగపూర్ రోడ్డు పక్కన, శామీర్‌పేట చుట్టూ ద్రాక్షతోటలు ఉన్న చోట హద్దురాళ్ళు పాతి ప్లాట్లు చేశారు. మహాశివరాత్రికి కీసరగుట్ట జాతరకు బండ్లు కట్టుకుని పోయిన దారిలో అపార్టుమెంట్లు లేచాయి. వోటర్లు పెరిగారు, వాళ్ళలో ఎక్కడెక్కడినుంచో వచ్చినవాళ్ళు ఎక్కువయ్యారు.

2001 జనాభా లెక్కల ఆధారంగా 2008లో మళ్ళీ హద్దులు గీశారు. మా చుట్టుపక్కల మల్కాజిగిరి, కుత్బుల్లాపూర్, ఉప్పల్, కూకట్‌పల్లి అని కొత్త శాసనసభ స్థానాలు ఏర్పడ్డాయి. 2009లో కొత్త మేడ్చల్ నుంచి కాంగ్రెసు అభ్యర్థి కె. లక్ష్మారెడ్డి, 2014లో తెలంగాణ రాష్ట్ర సమితి అభ్యర్థి మలిపెద్ది సుధీర్‌రెడ్డి, 2018లోను 2023లోను చామకూర మల్లారెడ్డి గెలిచారు. అన్ని స్థానాలు కొత్తగా చేసినా, 2023 నాటికి మేడ్చల్ ఒక్కదానిలోనే ఆరు లక్షలకు పైగా వోటర్లు ఉన్నారు!

అదే 2008లో మేడ్చల్‌తో కలిపి ఏడు శాసనసభ స్థానాలతో మల్కాజిగిరి లోక్‌సభ నియోజకవర్గం ఏర్పడింది. వోటర్ల సంఖ్యలో దేశంలోకెల్లా పెద్దది. 2009లో సర్వే సత్యనారాయణ, 2014లో మల్లారెడ్డి, 2019లో రేవంత్‌రెడ్డి, 2024లో ఈటల రాజేందర్ ఇక్కడ గెలిచారు. నాలుగు ఎన్నికల్లో నలుగురు. 2019 లెక్క ఒక్కటి గుర్తుంచుకోండి. వోటర్లు 31 లక్షలకు పైగా. వోటు వేసినవాళ్ళు సుమారు సగం. గెలుపు తేడా 10,919 వోట్లు మాత్రమే. అలా గెలిచిన ఆయన 2023 డిసెంబరులో తెలంగాణ ముఖ్యమంత్రి అయ్యారు. ఇంట్లో ఉండిపోయిన పదిహేను లక్షలమందిలో ఏ ఒక్క బస్తీ ఆడవాళ్ళు కదిలినా ఫలితం ఇలాగే ఉండేదో, మారేదో మీరే ఆలోచించండి. ఒకప్పుడు పేరు చెప్పక వోటు పోగొట్టుకున్నాం. ఇప్పుడు జాబితాలో పేరుండీ పోగొట్టుకుంటున్నాం.

ఇదంతా ఇవాళ ఎందుకు చెబుతున్నానంటే, 2023 సెప్టెంబరులో పార్లమెంటు రాజ్యాంగానికి 106వ సవరణ చేసింది. లోక్‌సభలోను, శాసనసభల్లోను మూడోవంతు స్థానాలు స్త్రీలకు కేటాయించాలని అందులో రాశారు. ఆ తర్వాత జరిగే జనాభా లెక్కలు, వాటి ఆధారంగా చేసే నియోజకవర్గాల పునర్విభజన పూర్తయ్యాకనే అది అమలులోకి రావాలని కూడా రాశారు. అంటే మన వంతు మళ్ళీ ఆ హద్దుల కాగితం మీదనే ఆధారపడి ఉందన్నమాట. హద్దుల కాగితం ఏం చేయగలదో మేడ్చల్ చూసింది. ఒకసారి సుమిత్రాదేవికి దారి ఇచ్చింది, మరోసారి ఆ ఏర్పాటునే ఎత్తేసింది, ఇంకోసారి చుట్టుపక్కల స్థానాలన్నిటినీ మార్చి వేసింది.

2008లో హద్దులు గీసిన సంఘం ముందుగా ముసాయిదా ప్రకటించి, ప్రజల అభ్యంతరాలు విన్నది. అటువంటి ప్రకటన మళ్ళీ పేపర్లో వచ్చినప్పుడు, మగవాళ్ళ సంగతిలెమ్మని మడిచి అలమరలో పరచకండి. మహిళా మండలిలో పదిమందీ కూర్చుని చదవండి. మీ ఊరు ఎటు పోతోందో చూడండి, బాగాలేకపోతే సంతకాలు పెట్టి పంపండి. జనాభా లెక్కలవాళ్ళు, వోటరు జాబితావాళ్ళు గుమ్మంలోకి వస్తే ఇంట్లో ఆయన లేరని తిప్పి పంపకండి. కొత్త కోడలి పేరు, ఈ ఏడు 18 నిండిన అమ్మాయి పేరు, మూలన కూర్చున్న ముసలవ్వ పేరు అన్నీ దగ్గరుండి రాయించండి. పేరు తప్పు లేకుండా ఉందో లేదో మీరే చదువుకోండి.

మా పెద్దమ్మ ఒక్కసారి పేరు చెప్పాక, ఆ తర్వాత ఏ ఎన్నికలోనూ వోటు మానలేదు. ఆ పని మనవల్ల కాదంటారా? సెలవు.