ఎన్‌జీసీ 2264: చిన్న నక్షత్రాల పుట్టుకపై పరిశీలనల చరిత్ర

ఎన్‌జీసీ 2264 మోనోసెరోస్ తారామండలంలో, సుమారు 2,400 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న నక్షత్ర గుచ్ఛం. దీని వయసు కొద్ది మిలియన్ సంవత్సరాలే. సూర్యుడంత, అంతకన్నా తక్కువ ద్రవ్యరాశి గల నక్షత్రాలు ఎలా రూపుదిద్దుకుంటాయో ఖగోళ శాస్త్రానికి నేర్పిన గుచ్ఛాలలో దీనిది పెద్ద పీట.

విలియం హెర్షెల్ దీన్ని 1784లో గుర్తించాడు. అసలు కథ మొదలైంది మాత్రం 20వ శతాబ్దంలోనే. వెలుగు నిలకడగా లేని, ధూళి మేఘాలను అంటిపెట్టుకుని ఉండే టీ టౌరీ నక్షత్రాలను ఆల్ఫ్రెడ్ జాయ్ 1945లో ఒక ప్రత్యేక వర్గంగా చూపాడు. అవి ఇటీవల పుట్టినవేనని, నక్షత్రాల పుట్టుక నేటికీ సాగుతోందని విక్టర్ అంబర్త్సుమియాన్ వాదించాడు. హైడ్రోజన్ ఎర్రని కాంతిని వెదజల్లే అలాంటి నక్షత్రాలను జార్జ్ హెర్బిగ్ 1954లో ఈ గుచ్ఛంలో 84 లెక్కపెట్టాడు.

నిర్ణాయకమైన సాక్ష్యం 1956లో మెర్ల్ వాకర్ ఇచ్చాడు. గుచ్ఛంలోని నక్షత్రాల రంగునూ ప్రకాశాన్నీ కొలిచి పటం గీస్తే, బరువైన నక్షత్రాలు ప్రధాన శ్రేణి (హైడ్రోజన్‌ను మండిస్తూ స్థిరపడిన నక్షత్రాల వరుస) మీద కుదురుకుని కనిపించాయి. చిన్నవన్నీ దానికి పైన, ఉండవలసినదానికన్నా ఎక్కువ ప్రకాశంతో ఉన్నాయి. అవి ఇంకా ఉబ్బుగా ఉండి, సొంత గురుత్వాకర్షణకు కుంచించుకుపోతూ ఆ వేడితోనే వెలుగుతున్నాయి. చిన్న నక్షత్రం నెమ్మదిగా ఎదుగుతుందన్న సిద్ధాంతానికి ఇంత స్పష్టమైన రుజువు అంతకుముందు లేదు. ఆ కుంచించుకుపోయే దారిని చుషిరో హయాషి 1961లో సరిదిద్దాడు. వాకర్ పటంలో చిన్న నక్షత్రాలు ఒకే గీత మీద లేకుండా చెదిరి ఉన్నాయి. వాటి వయసుల్లో నిజంగానే అంత తేడా ఉందా, లేక ధూళి, జంట తారలు, వెలుగులోని హెచ్చుతగ్గులు అలా భ్రమింపజేస్తున్నాయా అన్న చర్చ ఇప్పటికీ తెగలేదు.

హెర్బిగ్ లాగా హైడ్రోజన్ ఎర్రని కాంతినే నమ్ముకుంటే, చుట్టూ ఉన్న వాయు ధూళుల పళ్లెం నుంచి పదార్థాన్ని ఇంకా లాక్కుంటున్న నక్షత్రాలే ఎక్కువగా దొరుకుతాయి. పళ్లెం కోల్పోయినవాటిని పట్టిచ్చింది ఎక్స్-కిరణాలు. 1978లో ప్రయోగించిన ఐన్‌స్టీన్ ఉపగ్రహంతో ఆ దారి తెరుచుకుంది. ధూళిలో పూర్తిగా కప్పబడిన పసి నక్షత్రాలకు పరారుణ కాంతి కావలసి వచ్చింది. స్పిట్జర్ టెలిస్కోపు ఇక్కడ వాటి చిన్న గుంపును చూపింది. అవి ఒకదానికొకటి దాదాపు పావు కాంతి సంవత్సరం దూరంలో పేర్చినట్టు ఉన్నాయి. చల్లని వాయువు ముక్కలు కావడానికి సిద్ధాంతం చెప్పే ఎడంతో అది సరిపోయింది.

2011 డిసెంబరులో కోరో, స్పిట్జర్ ఉపగ్రహాలు ఈ గుచ్ఛాన్ని ఏకకాలంలో వారాల తరబడి చూశాయి. కొన్ని నక్షత్రాల వెలుగు తగ్గడానికి వాటి పళ్లెంలోని ధూళి అడ్డుపడటమే కారణమని, మరికొన్నింటి వెలుగు పెరగడానికి పైనబడే పదార్థమే కారణమని వేరుచేసి చెప్పగలిగారు.

ఫిబ్రవరి రాత్రుల్లో ఆర్ద్ర, ప్రోసియాన్ నక్షత్రాల మధ్య కొంచెం ఉత్తరంగా చూస్తే, ఈ గుచ్ఛంలో అన్నిటికన్నా ప్రకాశవంతమైన ఎస్ మోనోసెరోటిస్ చీకటి ఆకాశంలో కంటికే కనిపిస్తుంది. చిన్న నక్షత్రాలకు టెలిస్కోపు తప్పనిసరి.