రైలుబొమ్మకు లో వోల్టేజి

ముప్పై ఏళ్ళకు పైగా విద్యుత్తు పంపిణీలో ఉద్యోగం చేసినవాణ్ణి. పొద్దుగూకగానే లైను చివరి పల్లెలో బల్బు ఎర్రబడటం, "మోటారు ఎత్తుకోవట్లేదు సారూ" అని రైతు మొరపెట్టుకోవటం నాకు నిత్యకృత్యాలు. విశ్రాంత జీవితంలో, న్యూజెర్సీలోని మా అమ్మాయి ఇంట్లో, అదే ఫిర్యాదు ఎనిమిదేళ్ళ మనవడి నోట వినవలసివస్తుందని మాత్రం ఊహించలేదు.

హాలులో తివాచీ మీద అరవై అడుగుల చుట్టు పరిచాడు వాడు. ఎవరో వాడి వదిలేసిన పాత మూడు పట్టాల రైలు. "తాతయ్యా, సోఫా వెనకాలకి వెళ్ళేసరికి రైలు అలిసిపోతోంది!" అన్నాడు.

"ఇంకా పెద్ద ట్రాన్స్‌ఫార్మరు కొంటే సరిపోతుంది కదండీ, మామయ్యగారూ?" అన్నాడు అల్లుడు.

కొనవద్దన్నాను. ఎందుకు వద్దన్నానో చెప్పాలంటే ఈ బొమ్మల చరిత్రలోకి కొంత వెళ్ళక తప్పదు.

1891లో జర్మనీకి చెందిన మెర్క్లిన్ సంస్థ లైప్జిగ్ సంతలో బొమ్మరైలును, దానికి కొలతల ప్రకారం చేసిన పట్టాలను ప్రదర్శించింది. ఆ కాలపు రైళ్ళు కీ ఇస్తే నడిచేవి. శక్తి ఇంజను కడుపులోనే ఉండేది గనుక పట్టా కేవలం దారి. ఆ దశాబ్దం చివర అమెరికాలో కార్లైల్ అండ్ ఫించ్ సంస్థ, 1901 ప్రాంతంలో జాషువా లయొనెల్ కవన్, బ్యాటరీ కరెంటును పట్టాలకిచ్చి రైళ్ళు నడిపారు. నాటినుంచి పట్టాకు రెండు ఉద్యోగాలయ్యాయి: అది దారీ, తీగా కూడా. దారిగా బాగానే పనిచేసింది. తీగగా అది పరమ నాసిరకం. ఇనుపరేకు రాగితో పోలిస్తే ఆరోవంతు మాత్రమే విద్యుద్వాహకం. పైగా ప్రతి పది అంగుళాలకూ ఒక అతుకు! మా మనవడి చుట్టులో డెబ్బైకి పైగా ఉన్నాయి.

1906లో లయొనెల్ సంస్థ మధ్యలో మూడో పట్టా వేసింది. నడిమి పట్టా నుండి కరెంటు వచ్చి, అంచు పట్టాలు రెండింటి గుండా తిరిగిపోతుంది. లైను మెలితిరిగి తనలోనే కలిసినా షార్ట్ సర్క్యూట్ కాదు. నిజమైన రైలుదారిలా కనబడదని గిట్టనివారు వెక్కిరించారుగాని, పంపిణీ ఇంజనీరుగా నా ఓటు దానికే.

ఇంగ్లండు కథ వేరు. లివర్‌పూల్‌లో ఫ్రాంక్ హార్న్‌బీ సంస్థ 1925లో తన తొలి విద్యుత్ రైలును, లండన్ మెట్రోపాలిటన్ రైల్వే ఇంజను నమూనాను, విడుదల చేసింది. గోడలోని కరెంటునే ఒక దీపం గుండా పట్టాలకిచ్చేవారు. రైలు నడుస్తున్నంతసేపూ వోల్టేజిలో అధికభాగాన్ని ఆ దీపం మింగేది. రైలును పట్టాలమీంచి తీసేస్తే? ప్రవాహం ఆగుతుంది. ప్రవాహం లేనిచోట దీపం మింగేదేమీ ఉండదు. ఇంటి కరెంటు పూర్తి వోల్టేజితో వచ్చి ఆ పట్టాలమీద కూర్చుంటుంది, పిల్లవాడి చేతికోసం. తెగిపడిన తీగల దగ్గర విచారణకు వెళ్ళినవాణ్ణి. ఇది చదివిన రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు.

వారిని ఊరకే నిందించలేం. నాటి బ్రిటన్‌లో ఒక ఊళ్ళో ఏసీ, పక్క ఊళ్ళో డీసీ. డీసీ మీద ట్రాన్స్‌ఫార్మరు పనిచేయదు. దేశమంతటికీ ఒకే గ్రిడ్డుకు దారితీసిన చట్టం 1926లో వచ్చింది. ఈలోగా బ్యాటరీలతో నడిచే 4, 6 వోల్టుల రైళ్ళు వచ్చాయి. ప్రాణభయం తీరిందిగాని నా పాత శత్రువు ఎదురైంది: 20 వోల్టులకు ఒక ఆంపియరు చాలిన పనికి 4 వోల్టులైతే ఐదు ఆంపియర్లు కావాలి; పట్టాల్లో పోయే వోల్టేజీ ఐదింతలే. 1930లలో ట్రాన్స్‌ఫార్మరుతో 20 వోల్టుల ఏసీకి చేరడం ఈ రెండు కష్టాల నడుమ కుదిరిన రాజీ.

రైళ్ళు పెరిగేకొద్దీ చుట్టును ముక్కలుగా విడదీసి, దేనికి ఎవరు కరెంటివ్వాలో స్విచ్చులతో నిర్ణయించవలసివచ్చింది. 1946లో మొదలైన ఎమ్.ఐ.టి. విద్యార్థుల రైలుక్లబ్బు ఆ పనికి టెలిఫోను ఎక్స్చేంజి రిలేలనే వాడుకుంది. 'హాక్' అనే మాటకు నేటి అర్థం చాలావరకు ఆ బల్లల కిందనే పుట్టింది!

1990ల నడుమ అమెరికాలో ప్రమాణంగా స్థిరపడిన డీసీసీ పద్ధతిలో పట్టాలమీద ఎల్లప్పుడూ పూర్తి వోల్టేజి ఉంటుంది. ఏ ఇంజను ఎంత వేగంతో పోవాలో అందులోనే సంకేతంగా వెళుతుంది. వారి నుండి నేను నేర్చుకున్నది నాణెం పరీక్ష. చుట్టులో ఎక్కడైనా సరే, పట్టాలకు అడ్డంగా నాణెం పెడితే బ్రేకరు వెంటనే పడిపోవాలి. పడకపోతే అక్కడికి దారి సన్నగా ఉన్నట్టు.

అల్లుణ్ణి ఆపింది ఇందుకే. మీటరు పెట్టి చూస్తే ట్రాన్స్‌ఫార్మరు వద్ద 16 వోల్టులు, సోఫా వెనుక రైలు 2 ఆంపియర్లు తీసుకుంటున్నప్పుడు 11. అంటే దారిలో రెండున్నర ఓములు. అక్కడ రైలు పడిపోయి షార్టయితే ప్రవహించేది 6 ఆంపియర్ల పైచిలుకు. అల్లుడు కొనబోయే దానికి బ్రేకరు 10 ఆంపియర్లది. అది దీన్ని మామూలు భారమే అనుకుని ఊరుకుంటుంది. ఆ నూరు వాట్ల వేడీ తివాచీ మీద, అతుకుల్లో! మా లైన్ల చివర తీగ నేలమీద పడి ఉన్నా సబ్‌స్టేషనులో ఫ్యూజు పోకపోవటం వంటిదే ఇది.

పాత ట్రాన్స్‌ఫార్మరునే ఉంచి, దానినుంచి లావుపాటి రాగితీగల జతను గోడవారగా నడిపి, ఆరుచోట్ల పట్టాలకు కలిపాం. సోఫా వెనుక వోల్టేజి 15 దాటింది. తరువాత మనవడు పావలా డాలరు నాణెం పట్టుకుని పట్టా వెంట పాకాడు. పెట్టినచోటల్లా 'టిక్'మంది. భోజనబల్ల కింద ఒక్కచోట మాత్రం అనలేదు. విప్పి చూస్తే అతుకులోని పిన్ను తుప్పుపట్టి ఉంది. ఉప్పుకాగితంతో రుద్ది బిగించాక, "ఇంకోసారి పెట్టనా తాతయ్యా?" అంటూ వాడు మళ్ళీ బల్ల కిందికి దూరాడు.