కారులో తిమింగలం

ఎడమ కాలికి పనిలేకుండా కారు తోలే భాగ్యవంతులు ఈ మధ్య మన ఊళ్లలోనూ పెరిగారు. క్లచ్చి తొక్కక్కర్లేదు, గేరు మార్చక్కర్లేదు, దర్జాగా కూర్చుని చక్రం తిప్పితే చాలు. మరి ఆ కాలు చేసే చాకిరీ ఎవరు చేస్తున్నారయ్యా అంటే, సిసలైన ఆటోమేటిక్ బండిలో, ఓ ఎర్ర నూనె. (మన దేశంలో 2014లో సెలేరియోతో చవగ్గా వచ్చిన రకం వేరు. అందులో ఉన్నవి మామూలు క్లచ్చీ, మామూలు గేర్లూనే. మనకి బదులు ఓ యంత్రం వాటిని కదుపుతుంది, అంతే.) నేను చెప్పబోయేది ఆ ఎర్ర నూనె కథ.

ఈ కథ మీద నాకు ఆసక్తి పుట్టింది డెట్రాయిట్ శివార్లలో, మా అమ్మాయి వాళ్లింట్లో. మా అల్లుడి కారు అప్పటికి 1,80,000 మైళ్లు తిరిగింది. కొత్తది కొనే ఆలోచన ఇప్పట్లో లేదు. ఓ శనివారం పొద్దున్నే జాకీలూ స్పానర్లూ పరుచుకుని, గేరుబాక్సు నూనె మార్చడానికి బండి కిందకి దూరబోతున్నాడు. ఇంతలో పక్కింటి పెద్దాయన, రిటైరైన మెకానిక్కు, కంచె అవతల్నించి కేకేశాడు. "ముట్టుకోకు! అన్ని మైళ్లు తిరిగిన దాంట్లో కొత్త నూనె పోస్తే వారం తిరక్కుండా గేరుబాక్సు చస్తుంది!"

"ఏం బాబూ, నిజమేనా?" అన్నాను.

"సగం నిజం మామయ్యగారూ," అన్నాడు మా అల్లుడు.

ఆ సగం ఏ సగమో తేల్చుకుందామని పుస్తకాలు తిరగేస్తే కథ ఎక్కడెక్కడికో పోయింది.

ముందు ఆ నూనె చేసే పనేమిటో చూద్దాం. రెండు టేబుల్ ఫ్యాన్లని ఎదురెదురుగా పెట్టి ఒకదానికి స్విచ్చి వేస్తే, ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది కదా. గాలి స్థానంలో నూనె పెట్టి, రెంటినీ ఓ డబ్బాలో బిగిస్తే, ఇంజను బలం ఇటునుంచి అటు పోతుంది. మధ్యలో గట్టి ముడి ఏదీ లేదు కాబట్టి బండి ఆగినా ఇంజను ఆగదు. ఈ ఉపాయం జర్మనీలో ఓడల యంత్రాల కోసం హెర్మన్ ఫొట్టింగర్ కనిపెట్టాడు. 1905లో పేటెంటు తీసుకున్నాడు. అంటే మన కారులోని సుఖం సముద్రం మీద పుట్టిందన్నమాట.

దాన్ని కారుకి దించి, జనానికి అమ్మి, నిలబెట్టింది జనరల్ మోటార్స్ వారు. ఎర్ల్ థాంప్సన్ అనే ఇంజనీరు, గేర్లు కిర్రుమనకుండా పడే సింక్రోమెష్ పద్ధతి తెచ్చిన ఆయనే, హైడ్రామాటిక్ తయారీకీ పెద్ద. 1939లో ప్రకటించి, 1940 మోడలు ఓల్డ్స్‌మొబిల్ బళ్లలో పెట్టారు. అంతలో యుద్ధం వచ్చింది. అదే గేరుబాక్సుని ఎం5 స్టువర్ట్ ట్యాంకులకి బిగించారు. ట్యాంకుని మోసిన సరుకు కారుని మొయ్యదా అని, యుద్ధమయ్యాక జనం నమ్మకంగా కొన్నారు. 1953 ఆగస్టు 12న, మా అమ్మాయి ఉండే చోటికి ఎంతో దూరం లేని లివోనియాలో, ఈ గేరుబాక్సులు చేసే ఫ్యాక్టరీ ఒక వెల్డింగు నిప్పురవ్వకి తగలబడింది. కాడిలాక్ లాంటి జమీందారు బళ్లకి కూడా కొన్నాళ్లు వేరే గేరుబాక్సులు అరువు తెచ్చుకుని పెట్టాల్సి వచ్చింది. కొద్ది వారాల్లోనే విల్లో రన్‌లో, యుద్ధకాలంలో బాంబరు విమానాలు చేసిన షెడ్లలో, మళ్లీ పని మొదలైంది.

ఇంక నూనె సంగతి. ఈ గేరుబాక్సు లోపల కాగితంలాంటి పదార్థం అతికించిన పలచటి ప్లేట్లు వరసగా ఉంటాయి. గేరు మారాలంటే నూనె ఒత్తిడితో అవి ఒకదాన్నొకటి పట్టుకోవాలి. ఒక్కసారిగా పట్టుకుంటే బండి ఎగిరిపడుతుంది. నెమ్మదిగా జారుతూ కూర్చుంటే ప్లేట్లు మాడిపోతాయి. మొదట కాస్త జారనిచ్చి, తర్వాత గట్టిగా పట్టుకోనివ్వాలి. పైగా ఆ వేడికి జిగురు కట్టకూడదు. ఇన్ని గుణాలున్న సరుకు భూమిలోంచి తీసిన మామూలు నూనెలో దొరకలేదు. స్పెర్మ్ తిమింగలంలో దొరికింది.

దాని నూనె నిజానికి నూనె కాదు, ద్రవరూపంలో ఉండే మైనం. దానికి గంధకం పట్టించి ఎర్ర నూనెలో కొంత కలిపేవారు. 1949లో జనరల్ మోటార్స్ 'టైప్ ఏ' అని నూనెకి ఓ ప్రమాణం పెట్టింది. 1957లో దాన్ని సవరించారు. 1967లో 'డెక్స్‌రాన్' వచ్చింది. ఇన్నేళ్లూ, బజారుకెళ్లి కూరలు తెచ్చుకునే అమెరికా ఇల్లాలి కారులో, ఆవిడకి తెలియకుండానే, ఓ తిమింగలం గేర్లు మారుస్తూ ఉండేది. దీపాలకి తిమింగలం నూనె వాడటం కిరసనాయిలు రాకతో తగ్గిందని చదువుకున్నాం. కారు కోసం మళ్లీ సముద్రంలోకి వెళ్లారని ఎవరూ చెప్పలేదు.

1970లో అమెరికా ప్రభుత్వం స్పెర్మ్ తిమింగలాన్ని అంతరించిపోతున్న జంతువుల జాబితాలో చేర్చింది. దిగుమతి ఆగింది. 1971లో కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్‌లో, ఆ దేశపు చిట్టచివరి తిమింగలాల వేట కేంద్రం మూతపడింది. ఇంక రసాయన శాస్త్రజ్ఞుల తిప్పలు మొదలయ్యాయి. తిమింగలం బదులు ఏం కలపాలి? అరిజోనా ఎడారిలో పెరిగే హొహోబా అనే పొద గింజల్లో అచ్చు అలాంటి మైనమే ఉంది. దానికోసం చాలామంది ఎగబడ్డారు (మన రాజస్థాన్‌లోనూ ఆ పొదని పెంచారు). కానీ తిమింగలమంత సరుకు పొద ఇవ్వలేకపోయింది. చివరికి అది సబ్బుల్లో, షాంపూల్లో స్థిరపడింది. ప్రయోగశాలలో చేసిన రసాయనాలే కారుకి దిక్కయ్యాయి. వాటితోనూ మొదట్లో పేచీలే. 1973లో వచ్చిన రెండో రకం డెక్స్‌రాన్, నూనెని చల్లార్చే కూలరులోని టంకాన్ని తినడం మొదలుపెట్టింది. 1975లో దాన్ని మళ్లీ దిద్దుకున్నారు.

ఇప్పుడు పక్కింటి పెద్దాయన మాటకొద్దాం. ఆయన మెకానిక్కుగా చేతులు నల్లచేసుకున్నది సరిగ్గా ఆ ఏళ్లలోనే. తిమింగలం నూనెకి అలవాటుపడ్డ గేరుబాక్సుల్లో కొత్త రకాలు పడుతున్న కాలం. కొత్త నూనె అంటే ఆయనకున్న భయానికి పునాది అక్కడ పడి ఉంటుందని నా ఊహ. దానికి ఇంకో కారణం కూడా తోడై ఉంటుంది. మనవాళ్లు డాక్టరు దగ్గరికి ఆఖరి నిమిషంలో వెళ్లినట్టు, గేర్లు జారడం మొదలయ్యాకనే చాలామందికి నూనె గుర్తొస్తుంది. అప్పటికి ప్లేట్లు అరిగిపోయి ఉంటాయి. ఎలాగూ పోయే ప్రాణం పోతే, నింద మాత్రం ఆఖరి మందు మీద పడుతుంది.

అలాగని ఆయన మాటని కొట్టెయ్యడానికీ లేదు. మిషను పెట్టి ఒత్తిడితో కడిగితే, మూలల్లో పేరుకున్న మడ్డి కదిలి సన్నటి దారుల్లో అడ్డుపడొచ్చు. మా అల్లుడు ఆ జోలికి పోలేదు. పాన్ విప్పి, అందులో ఉన్నంత మాత్రం కారనిచ్చాడు. అది మొత్తంలో సగం కూడా ఉండదు. మిగతాది ఆ రెండు ఫ్యాన్ల డబ్బాలో, అంటే కన్వర్టరులో, ఉండిపోతుంది. పూర్వపు బళ్లకి ఆ డబ్బాకి కూడా బిరడా ఉండేది, తర్వాత తీసేశారు. కారిన నూనె చెర్రీ పళ్ల రంగు పోయి కాఫీ డికాషనులా ఉంది, కానీ మాడు వాసన లేదు. పాన్ అడుగున ఉన్న అయస్కాంతానికి బూడిదరంగు ముద్ద మెత్తగా అంటుకుని ఉంది. లోహపు పెళుసులు కనిపించి ఉంటే మూటకట్టుకోవడమే అన్నాడు. ఫిల్టరూ గాస్కెట్టూ మార్చి, కారిన నూనెని కొలిచి, సరిగ్గా అంతే కొత్తది, ఆ కంపెనీ పుస్తకంలో చెప్పిన రకమే, పోశాడు. కొన్ని వేల మైళ్లు తిరిగాక మళ్లీ ఇదే వరస. పాతదీ కొత్తదీ మెల్లిగా కలిసి, మడ్డి ఉలిక్కిపడకుండా, గేరుబాక్సు కుదుటపడుతుందని అతని లెక్క. నాకు నచ్చింది.

టైప్ ఏ రోజుల్లో 25,000 మైళ్లకోసారి మార్చమనేవారు. రానురాను నూనెలు మెరుగుపడ్డాయి. దాంతో కొన్ని కంపెనీలు 'జీవితకాలానికి సరిపడా' అని రాసేశాయి. ఎవరి జీవితకాలమో రాయలేదు. మొదట కొన్నవాడు ఐదేళ్లు తిప్పి అమ్మేస్తాడు. రెండోవాడూ మూడోవాడూ, ఆ బండి మీదే బతుకు ఈడ్చేవాళ్లు, ఆ జీవితం ఎప్పుడైపోతుందోనని చెవులు రిక్కించుకుని తోలాలి. చూసుకుందామంటే చాలా బళ్లకి డిప్‌స్టిక్కు కూడా తీసేశారు. బండిని నాలుగు చక్రాల మీదా సమంగా ఎత్తి, ఇంజను ఆడుతుండగా, నూనె ఇంత వేడి ఉన్నప్పుడు పక్క బిరడా విప్పితే సన్నగా కారాలట, అదీ కొలత. ఇంటి దగ్గర ఈ పని చేసుకునేవాళ్లకి ఇప్పుడు స్పానరుతో పాటు థర్మామీటరు కూడా కావాలి.