ఫ్లోరోసెంట్ ట్యాగ్

జీవకణంలో ఫలానా అణువు ఎక్కడ తిరుగుతోందో కనిపెట్టేందుకు దానికి తగిలించే వెలుగు గుర్తు. ఒక రంగు కాంతిని పీల్చి, సాధారణంగా అంతకన్నా ఎక్కువ తరంగదైర్ఘ్యమున్న కాంతిని వదులుతుంది. 1941లో ఆల్బర్ట్ కూన్స్ బృందం ప్రతిరక్షకాలకు ఇలాంటి రంగును అంటించింది. 1962లో ఒసాము షిమొమురా జెల్లీచేపలో గుర్తించిన ఆకుపచ్చ ప్రొటీన్‌తో అసలు మలుపు వచ్చింది: జన్యువును చొప్పిస్తే కణమే గుర్తును తయారుచేసుకుంటుంది. దీనికి 2008లో నోబెల్ దక్కింది.

వెలుగు గుర్తుగానే వాడే మిణుగురు ఎంజైము లూసిఫెరేజ్ దారి వేరు. దానికి బయటి వెలుగు అక్కర్లేదు; లూసిఫెరిన్ అనే పదార్థం, ఆక్సిజన్, కణాలకు శక్తినందించే అణువు ఏటీపీ కావాలి. ఆ ఏటీపీని 1929లో కనుగొన్నవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. మన పాఠ్యపుస్తకాలు ఈ సంగతిని ఇంకాస్త గట్టిగా చెప్పాలి.