సమాచార హక్కు చట్టం – సవరణలు

భారత పార్లమెంటు చేసిన సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరు 12న పూర్తిగా అమలులోకి వచ్చింది. 2002 నాటి సమాచార స్వేచ్ఛా చట్టం అమలుకు నోచుకోకుండానే రద్దయింది.

2019 సవరణ వలన సమాచార కమిషనర్ల పదవీకాలాన్ని, జీతభత్యాలను నిర్ణయించే అధికారం, రాష్ట్ర కమిషనర్ల విషయంలో సైతం, కేంద్ర ప్రభుత్వానికి సంక్రమించింది. అంతకుముందు 65 ఏళ్ళ వయసుకు లోబడి 5 సంవత్సరాల పదవీకాలం చట్టంలోనే ఉండేది.

సెక్షను 8(1)(జె)లోని మార్పు ఇంతకంటే ముఖ్యమైనది. పూర్వం ప్రజా కార్యకలాపాలతో సంబంధం లేని, లేదా వ్యక్తి గోప్యతకు అకారణంగా భంగం కలిగించే వ్యక్తిగత వివరాలను మాత్రమే ఈ నిబంధన క్రింద నిరాకరించే వీలుండేది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఈ షరతులను తొలగించింది; ఈ మార్పు 2025 నవంబరులో అమలులోకి వచ్చింది. 1990లలో రాజస్థాన్ కూలీలు చూపమని పోరాడిన మస్టరు రోళ్ళలో ఉన్నవీ వ్యక్తుల పేర్లే. అయితే, ప్రజా ప్రయోజనమే అధికమని భావిస్తే సమాచారం ఇచ్చే వెసులుబాటు సెక్షను 8(2)లో మిగిలి ఉంది.